కాలేజీ మానేసేది ఒక్క రోజులో కాదు

హన్మకొండ నయీంనగర్‌లో మా రూమ్‌లో నలుగురం ఉండేవాళ్లం. బీటెక్ పట్టా ముగ్గురి చేతికే వచ్చింది. నాలుగోవాడు సెకండియర్‌లో సంక్రాంతికని ఊరెళ్లి మళ్లీ రాలేదు. ‘వాడికి చదువు మీద ఇంట్రెస్ట్ లేదు సార్’ అని క్లాసులో ఎవరో అన్నారు. నేనూ నోరు మెదపలేదు.

ఆ మాట అనడం చాలా సులువు. అసలు జరిగింది వేరు. ఇంటర్ దాకా వాడిది తెలుగు మీడియం. మొదటి సెమిస్టర్‌లోనే మ్యాథ్స్ పోయింది, డ్రాయింగ్ పోయింది. సప్లీ రాసినా ఒకటి మిగిలింది. బ్యాక్‌లాగ్ ఉన్నోడికి క్లాసులో కూర్చోవాలంటే సిగ్గు, ఆ సిగ్గుతోనే అటెండెన్స్ 75 శాతం కిందికి జారింది. జేఎన్‌టీయూ లెక్కలో 65 దాకా ఉంటే కారణం చూపి, కండోనేషన్ ఫీజు కట్టి బయటపడొచ్చు. అదీ లేకపోతే డిటెండ్. మిర్చి పంట మీద అప్పు తీర్చే నాన్నకు ఆ మాట ఎలా చెప్తాడు? ఊళ్లో ఉండిపోవడమే తేలికనిపించింది.

డబ్బు సంగతి ఇంకోటి. బీసీ, ఈబీసీ పిల్లలకు ర్యాంకు పది వేలు దాటితే ఇంజినీరింగ్ రీయింబర్స్‌మెంట్ సాధారణంగా ఏడాదికి 35,000 రూపాయలతో సరి. మిగతాది ఇంట్లోవాళ్లే కట్టాలి. సర్కారు ఇచ్చేదైనా టైముకు రాదు. బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు ఏకంగా బంద్ పెట్టాయి. ఈ రెండు గుంజాటల మధ్య నలిగేది మాత్రం ‘ఫీజు కట్టి హాల్‌టికెట్ తీసుకో’ అనిపించుకునే విద్యార్థే.

బిల్ గేట్స్ కూడా మానేశాడు కదా అంటారా? 1975లో హార్వర్డ్ వదిలే నాటికి ఆయనకు మైక్రోసాఫ్ట్ ఉంది, వెనక లాయర్ తండ్రి ఉన్నాడు. రీల్స్‌లో అది చెప్పరు.

మానేయడం తప్పని నేననను. చెప్పాపెట్టకుండా మాయమవడమే నష్టం. ఒకటో రెండో సబ్జెక్టులు మిగిలితే, సెకండియర్ మొదలుకాకముందే సీనియర్‌ను పట్టుకుని కూర్చోండి. నిజంగా వెళ్లాల్సి వస్తే సెమిస్టర్ మెమోలు, టీసీ, ఒరిజినల్స్ తీసుకునే కదలండి. ఒరిజినల్స్‌ను కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు దాచుకునేందుకు 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. రెండేళ్లకు డిప్లొమాతో బయటికొచ్చే వీలు మీ రెగ్యులేషన్‌లో ఉందేమో ఎగ్జామ్ బ్రాంచ్‌లో అడగండి. అడిగితే పోయేదేమీ లేదు, మహా అయితే రెండు గంటలు నిలబెడతారు.

మొన్న మావాడు ఫోన్ చేశాడు. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి అప్లై చేస్తాడట, ఏమేం కావాలిరా అన్నాడు. ముందు ఇంటర్ మెమో కావాలన్నాను. అది ఇంకా కాలేజీ బీరువాలోనే ఉంది.