కొన్న ఫోను మనదేనా?

సంతలో ఎద్దును కొనే రైతు దాని నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. డబ్బిచ్చి పలుపు చేత పట్టుకున్నాక ఆ ఎద్దు అతనిదే. నాడాలు ఎవరిచేత కొట్టించాలో అమ్మినవాడు చెప్పడు. మరి వేలకు వేలు పోసి ఫోను కొనే మనకు ఆపాటి హక్కైనా ఉందా?

ఫోను వద్దని నేననటం లేదు. మిర్చి ధర, వాన కబురు, స్కాలర్‌షిప్పు, హాల్ టికెట్టు అన్నీ ఇప్పుడు దాన్లోనే. పలుగూ పారల్లాగే అదీ పనిముట్టే. కాని పదిహేను వేల ఫోనంటే మా ఇంట్లో ఎనిమిది తొమ్మిది బస్తాల వడ్లు. రెండేళ్ళు నిండకుండానే మా నాన్న ఫోను బ్యాటరీ ఉబ్బితే, సర్వీసు సెంటరులో "బాగుచేయించటం దండగ, కొత్తది తీసుకోండి" అన్నారు. ఈ సలహా ఎవరి మేలు కోరి ఇచ్చినట్టు?

మనం సైన్సు విద్యార్థులం గనుక న్యాయంగానే మాట్లాడుకుందాం. లిథియం అయాన్ బ్యాటరీకి బాటవేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బ్యాటరీలో ఛార్జి చేసిన ప్రతిసారీ కొంత లిథియం పక్కచర్యల్లో చిక్కుకుపోతుంది, అంతర్నిరోధం పెరుగుతుంది. కొన్ని వందల సార్లు నిండి ఖాళీ అయ్యాక సత్తువ తగ్గటం సహజం. దీనికి ఏ కంపెనీనీ తిట్టనక్కర్లేదు. అయితే, అరుగుతుందని ముందే తెలిసిన భాగాన్ని జిగురుతో అతికించి మూత బిగించమని ఏ రసాయనశాస్త్రం చెప్పింది? నీరు చొరబడకుండా అంటారు. 2014లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్5 నీటికీ తట్టుకునేది, గోటితో మూత తీస్తే బ్యాటరీ చేతికీ వచ్చేది!

బ్యాటరీ పాతబడ్డ కొన్ని ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేరుతో తగ్గించామని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. ఉన్నట్టుండి ఫోను ఆగిపోకుండా అలా చేశామంది. ఆ కారణంలో శాస్త్రం లేకపోలేదు. కొన్నవాడికి చెప్పకుండా దాచటం మాత్రం ఉత్త వ్యాపారం. అందుకే 2020లో ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. అదే ఏడాది ఆ కంపెనీ పర్యావరణం పేరు చెప్పి పెట్టెలోంచి ఛార్జరు తీసేసింది. పర్యావరణం మీద అంత ప్రేమే ఉంటే, అమ్మిన ఫోను ఇంకో మూడేళ్ళు నడిచేట్టు చూడొచ్చుగా?

ఈ జబ్బు పొలానికీ పాకింది. ట్రాక్టరు రిపేరు కంపెనీ సాఫ్ట్‌వేరు గుప్పిట్లో పడిందని అమెరికా రైతులు ఏళ్ళ తరబడి పోరాడారు. తమ యంత్రాలను తామే బాగుచేసుకునే హక్కు వారికిస్తూ 2023లో కొలరాడో రాష్ట్రం చట్టం చేసింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 జులైలో రిపేరు హక్కుపై కమిటీ వేసింది. అది ఎంచుకున్న రంగాల్లో సెల్‌ఫోన్లతోపాటు వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి. కాని కమిటీ వెయ్యటం వేరు, చట్టం చెయ్యటం వేరు. అన్ని ఫోన్లకూ ఒకే రకం ఛార్జింగు పిన్ను ఉండాలని 2022లో యూరప్ చట్టం చేస్తే, మరుసటి ఏడే ఐఫోను పిన్ను మారిపోయింది. చట్టం గట్టిదైతే ఎంతటి కంపెనీ అయినా దిగిరాక తప్పదు.

మిత్రులారా! కొత్త మోడలు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళో మనకు కంఠోపాఠం. అది ఎన్నేళ్ళు నడుస్తుందో, బ్యాటరీ మార్చటానికి ఎంతవుతుందో, విడిభాగాలు దొరుకుతాయో లేదో మనలో ఎందరు అడుగుతున్నాం? ఇకనైనా కొనే ముందే అడుగుదాం. జగదీష్ మార్కెట్‌లోనో, బస్టాండు పక్క డబ్బా కొట్లోనో కూర్చుని చచ్చిన బోర్డుకు ప్రాణం పోసే కుర్రాడికి విడిభాగాలూ సర్క్యూటు పటాలూ అందేలా చట్టం కావాలని మన యూనియన్ ఒక తీర్మానం చెయ్యాలి. విప్పి చూడటానికి వీల్లేని వస్తువును నోరెత్తకుండా కొనే అలవాటు సైన్సు చదివేవాళ్ళకు తగదు.