కొత్త ఫ్లూ టీకా: ఇంట్లో ముందు ఎవరికి?

2025 ఫిబ్రవరిలో గోదావరి అవతలి ఒడ్డున కోళ్లు గుట్టలు గుట్టలుగా చనిపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పెరవలి మండలం కానూరు అగ్రహారం, తణుకు మండలం వేల్పూరు ఫారాల కోళ్లలో ఎచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరసు ఉన్నట్లు భోపాల్ ప్రయోగశాల తేల్చింది. రంజాన్ నెల ముంగిట్లో ఉండగా ఇటు రావులపాలెం, ఆత్రేయపురం వైపు కూడా చికెన్ కొనాలంటే జనం వెనుకాడారు. మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ఇదే వైరసుతో మంగళగిరి ఎయిమ్స్‌లో మరణించడంతో భయం మరింత పెరిగింది. అప్పటి నుండి ఏ కొత్త ఫ్లూ పేరు వినబడినా తల్లిదండ్రులు ఒకే ప్రశ్న వేస్తున్నారు: "ఇంటిల్లిపాదికీ టీకా వేయించాలా?"

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. మందుల షాపుల్లోను, ప్రైవేటు ఆసుపత్రుల్లోను దొరికే ఫ్లూ టీకా బర్డ్ ఫ్లూకు కాదు. అది మనుషుల మధ్య ఏటా తిరిగే ఫ్లూ రకాలకు. కోళ్ల వార్త చదివి ఈ టీకా కోసం పరుగెత్తితే డబ్బు ఒక భయానికి, రక్షణ మరొక జబ్బుకు అవుతుంది. బర్డ్ ఫ్లూ విషయంలో చేయవలసింది వేరు. చచ్చిన కోళ్లను ముట్టరాదు, మాంసం బాగా ఉడికించాలి, పచ్చి ముక్క పిల్లల చేతికి ఇవ్వరాదు.

ఇక మనుషుల ఫ్లూ సంగతి. 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొట్టమొదట బయటపడింది హైదరాబాదులోనే, అమెరికా నుండి వచ్చిన ఒక ప్రయాణికునిలో. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని మహమ్మారిగా ప్రకటించింది. మన దేశంలో తయారైన టీకా బజారుకు వచ్చింది 2010 జూన్‌లో. అంటే ఏడాది గడిచాక. ఆ ఆగస్టు 10న మహమ్మారి ముగిసిందని అదే సంస్థ ప్రకటించింది. కొత్త రకం వచ్చినప్పుడు దాని కోసమే తయారైన టీకా ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుందన్నది ఇక్కడ గ్రహించవలసిన విషయం. ఐతే మహమ్మారి ముగిసినా వైరసు పోలేదు. 2015లో అదే ఎచ్1ఎన్1 దేశంలో 42 వేల మందికి పైగా సోకి, సుమారు మూడు వేల మందిని బలిగొన్నది. అప్పటికి టీకా ఉంది. వేయించుకున్నవారే తక్కువ.

టీకా మీద అనుమానం పడేవారిని మూర్ఖులని కొట్టిపారేయడం సరికాదు. 1976లో అమెరికాలో ఒక సైనిక శిబిరంలో కొత్త ఫ్లూ కనిపించగానే ప్రభుత్వం హడావుడిగా నాలుగు కోట్ల మందికి పైగా టీకాలు వేయించింది. అనుకున్న మహమ్మారి రానే లేదు. కానీ టీకా వేయించుకున్నవారిలో దాదాపు లక్షకు ఒకరికి చొప్పున, కాళ్లూ చేతులూ చచ్చుబడే గిలన్-బారే జబ్బు అదనంగా వచ్చింది. డిసెంబరులో కార్యక్రమం ఆపేశారు. 2009 తర్వాతి టీకాలలో ఆ ప్రమాదం పది లక్షలకు ఒకటి రెండుగా లెక్క తేలింది. సున్నా కాదు. కానీ ఫ్లూతో ఆసుపత్రి పాలయ్యే ప్రమాదంతో పోలిస్తే, ముఖ్యంగా పెద్దవారిలో, చాలా చిన్నది. చేయి నొప్పి, ఒకటి రెండు రోజుల ఒళ్లు వెచ్చదనం మాత్రం మామూలే. ఇంజెక్షన్‌లో ఉండేది చచ్చిన వైరసు గనుక "టీకా వల్లే ఫ్లూ వచ్చింది" అనే మాట నిలబడదు.

అలాగని టీకా ఉక్కు కవచమూ కాదు. వైరసుకూ టీకాకూ చక్కగా పొంతన కుదిరిన ఏడాదిలో కూడా అది డాక్టరు దగ్గరకు వెళ్లవలసిన జబ్బును 40 నుండి 60 శాతం వరకే తగ్గిస్తుంది. 2025 చివర్లో ఎచ్3ఎన్2లో సబ్‌క్లేడ్ కె అనే మారిన రకం పలు దేశాలలో వ్యాపించింది. ఆ సీజను టీకాలో ఏ రకాలుండాలో అంతకు ముందే నిర్ణయమైపోయింది. ఐనా బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ తొలి అంచనాల ప్రకారం ఆ టీకా ఆసుపత్రి పాలు కాకుండా పిల్లలలో 70 నుండి 75 శాతం, పెద్దలలో 30 నుండి 40 శాతం కాపాడింది. పొంతన తప్పిన టీకా కూడా వట్టి నీళ్లు కాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. ప్రభుత్వ సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఫ్లూ టీకా లేదు. సొంత డబ్బుతో, అదీ ఏటా వేయించుకోవాలి. ఆత్రేయపురంలో ఒక ఇల్లు ఊహించుకుందాం. ఇంటాయన ఆటో నడుపుతాడు. భార్య, మరదలు పూతరేకుల పనికి వెళ్తారు. పొయ్యి సెగ దగ్గర బోర్లించిన కుండ ముందు రోజంతా కూర్చుని రేకులు తీస్తారు. తల్లికి 68 ఏళ్లు, షుగరు ఉంది. పెద్ద కోడలికి ఐదో నెల. పదేళ్లవాడొకడు, నాలుగేళ్లవాడొకడు. ఏడుగురికీ టీకా అంటే ఆ ఇంటికి వేలలో ఖర్చు. "అందరికీ వేయించలేం గనుక ఎవరికీ వద్దు" అని అక్కడితో వదిలేసే ఇళ్లు ఎన్నో. పొరపాటు జరుగుతున్నది అక్కడే. అందరికీ, లేదా ఎవరికీ వద్దు అన్న రెండే దారులు లేవు. ఇద్దరికి సరిపడా డబ్బుంటే ఆ ఇద్దరెవరో తేల్చుకోవాలి.

మా దృష్టిలో మొదటి టీకా ఆ కోడలిది. గర్భిణులకు ఫ్లూ సోకితే ఊపిరితిత్తుల దాకా పోయే ప్రమాదం ఎక్కువ. 2009లో వారే ఎక్కువగా దెబ్బ తిన్నారు. పైగా ఆరు నెలలు నిండని బిడ్డకు ఫ్లూ టీకా వేయరు. తల్లికి వేసిన టీకా వల్ల పుట్టే రోగనిరోధక శక్తి కడుపులోని బిడ్డకు చేరి, ఆ తొలి నెలలలో కాపాడుతుంది. ఒక సూదితో ఇద్దరికి రక్షణ. "కడుపుతో ఉన్న పిల్లకు ఇంజెక్షనేమిటి?" అని అత్తగారు అడ్డుపడవచ్చు. ధనుర్వాతం ఇంజెక్షన్ ఆమె కాలంలోనూ గర్భిణులకు వేశారని గుర్తుచేస్తే చాలు. ఐతే గర్భిణికి ఇంజెక్షన్ రూపంలోనిదే వేయించాలి, ముక్కులో కొట్టే రకం కాదు.

రెండవది ఆ అత్తగారిదే. 65 దాటినవారికి, షుగరు, గుండె, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం ఉన్నవారికి ఫ్లూ వారం రోజుల జ్వరంతో పోదు. ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ పెద్దావిడే రేపు హజ్‌కు బయలుదేరితే మెనింజైటిస్ టీకా, పోలియో చుక్కలు, వయసును బట్టి ఫ్లూ టీకా మారు మాట్లాడకుండా వేయించుకుంటుంది. మక్కాకు పోయేటప్పుడు అభ్యంతరం లేని టీకా ఇంటి పట్టున ఉన్నప్పుడు అనవసరం ఎలా అవుతుంది?

మూడవ టీకాకు డబ్బుంటే నాలుగేళ్లవాడికి. పని చేసే ఆడవాళ్లు, ఇంటాయన ఆరోగ్యంగా ఉంటే తర్వాతే. వారికి ఫ్లూ వస్తే నాలుగు రోజుల కూలి పోతుంది, పండగ గిరాకీలో అది చిన్న నష్టం కాదు, కానీ ప్రాణం మీదికి రావడం అరుదు. వారిలో ఉబ్బసం ఉన్నవారుంటే మాత్రం ఈ వరుస మారుతుంది.

హలాల్ సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు. ఫ్లూ ఇంజెక్షన్లు ఎక్కువగా కోడిగుడ్లలో వైరసును పెంచి తయారు చేసేవి. బ్రిటన్‌లో పిల్లలకు ముక్కులో కొట్టే టీకాలో పంది జెలటిన్ ఉండటంతో అక్కడి ముస్లిం తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. వద్దన్నవారికి ఇంజెక్షన్ ఇస్తున్నారు. రసాయనికంగా పూర్తిగా మారిపోయిన జెలటిన్ వాడవచ్చని 1995లో కువైట్‌లో సమావేశమైన పండితులు తీర్మానించారు. మనసు ఒప్పనివారు పెట్టెలోని కాగితంలో దినుసులు చదివించుకోవచ్చు.

"రాసిపెట్టి ఉంటే టీకా ఆపుతుందా?" అనే మాటకు హజ్రత్ ఉమర్ (రజి) ఉదంతం చాలు. హిజ్రీ 18లో సిరియా వెళ్తుండగా అక్కడ ప్లేగు ఉందని తెలిసింది. ఆయన ముహాజిర్లను, అన్సార్లను, ఆ తర్వాత ఖురైషు పెద్దలను వరుసగా సంప్రదించి మరీ వెనుదిరిగారు. విధి నుండి పారిపోతున్నారా అని అడిగితే, వెనుదిరగడమూ విధిలో భాగమేనని బదులిచ్చారు. ఆయన వదంతి విని నిర్ణయించలేదు, ఒంటరిగానూ నిర్ణయించలేదు.

కాలం విషయానికి వస్తే, మన దేశంలో ఫ్లూ జనవరి-మార్చి మధ్య ఒకసారి, వానలతో మరోసారి పెరుగుతుంది. టీకా పని చేయడానికి రెండు వారాలు పడుతుంది. కాబట్టి పక్కింట్లో దగ్గు మొదలయ్యాక కాదు, ముందే వేయించాలి. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటి ఏడాది నెల ఎడంతో రెండు డోసులు కావాలి. ఒక్క డోసుతో మానేస్తే పెట్టిన డబ్బు సగం వృథా. గుడ్డు పడనివారు ముందే డాక్టరుకు చెప్పాలి. పెట్టె మీద ఏ సంవత్సరపు టీకానో చూడాలి, పాత సీజను సరుకు తీసుకోరాదు. ఈ టీకా 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. రాజమండ్రిలోనో రావులపాలెంలోనో కొని, ఎండవేళ సంచిలో వేసుకుని బస్సులో ఆత్రేయపురం తెచ్చి ఇంటి దగ్గర వేయించుకుందామనుకుంటే కుదరదు. ఎక్కడ కొంటే అక్కడే వేయించుకోవాలి. కొనేముందు షాపువారిని, నిన్న కరెంటు పోయినప్పుడు ఈ మందు ఎక్కడ పెట్టారని అడగడానికి మొహమాటపడవద్దు.