ప్రయాణవ్యయము: ముందా, వెనుకా?

శాస్త్రపరిశోధన చేయుచున్న మా పూర్వవిద్యార్థి యొకడు, విదేశమున జరుగనున్న విజ్ఞానసభకు బోవుటకై ప్రయాణసాహాయ్యము గోరుచు వ్రాసిన దరఖాస్తును మాకు జూపెను. సభవారి యంగీకారపత్రము, వ్యాససంగ్రహము, ఆచార్యుని సిఫారసు, విమానపు చార్జీల యంచనా, అన్నియు సక్రమముగనే యున్నవి. ఒక్క నిబంధన మాత్రము మమ్ము నిలిపినది. తొలుత స్వంతధనము వెచ్చించి, తిరిగివచ్చి రసీదులు దాఖలు చేసిన పిదపనే సొమ్ము చెల్లింతురట! వాని తండ్రి కౌలురైతు. అంత సొమ్మునకు వడ్డీవ్యాపారి గడప తొక్కవలసినదే.

లెక్క యడుగుట తప్పని మేమనము. మా బడిలో సుద్దముక్కలకు సయితము లెక్క వ్రాయుచున్నాము. అయినను ముందే ధనమున్నవానికి మాత్రమే యక్కరకు వచ్చుదానిని సాహాయ్యమనుట యెట్లు?

1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు బోయినది సభకు గాదు, చదువునకు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధివారి వాగ్దానమును నమ్మి, మామగారు కూర్చిన ధనముతో పయనమైరి. 1925లో ఫిస్కేగారితో గూడి వారు ప్రకటించిన భాస్వర పరిమాణనిర్ణయ పద్ధతి నేటికిని వారిద్దరి పేరిటనే పిలువబడుచున్నది. ఆ మామగారి సొమ్మే లేకున్నచో వాగ్దానమొక్కటియే టిక్కెట్టు కొనిపెట్టెడిదా?

నిధులవారు టిక్కెట్టు ధరనైనను ముందుగా నిచ్చి, తక్కినది రసీదులు చూచి చెల్లింపవచ్చును. ఈ యభ్యర్థనను గడువులోపల దరఖాస్తుతో జేర్చి పంపుమని మావానికి జెప్పితిమి. రెండు వాక్యములే, వ్రాయుటకు వానికి సిగ్గయ్యెను. పంక్తులు మేమే చెప్పి వ్రాయించితిమి.