లాటిను మాటలు – రైతుల హక్కులు

సిద్దిపేట పట్టణమున పఠనమందిరములకు వచ్చు పత్రికలలోను, కచేరీ గోడలపై అంటించు ప్రకటనలలోను కొన్ని మాటలు తెలుగు లిపిలో కనబడును గాని తెలుగు చెవికి పట్టవు. సొలేషియము, ఎక్స్‌గ్రేషియా, కేవియట్, ఎక్స్‌పార్టీ, అఫిడవిట్ - ఇట్టివి. ఇవి ఇంగ్లీషు మాటలని మనము తలంచుచున్నాము. నిజమారయగా ఇవి ఇంగ్లీషువానికిని సొంతసొత్తు కావు. ప్రాచీన రోమకుల భాషయగు లాటిను నుండి న్యాయశాస్త్రపు దారిని వచ్చినవి. లండను నగరపు సామాన్యుడును వీనిలో కొన్నిటి అర్థమునకై నిఘంటువు తెరువవలసినదే. అట్టి మాటలపై మన పల్లెరైతు భూమియు, ఇల్లును, పరిహారమును ఆధారపడియున్నవి. కావున వీని మూలమును విచారించుట పండితుల వినోదము కాదు. ప్రజల హక్కులకు సంబంధించిన పని.

మొదట సొలేషియమును చూతము. ఓదార్చుట యను అర్థముగల లాటిను క్రియనుండి యిది పుట్టినది. భూమికి వెల కట్టి యిచ్చినంతమాత్రమున, ఇష్టములేకయే దానిని విడువవలసివచ్చినవాని దుఃఖము తీరదు. ఆ దుఃఖమునకు గాను వెలపై అదనముగా నిచ్చు సొమ్మే సొలేషియము. ‘ఊరట సొమ్ము’ అన్నచో బడి మొగము చూడని అవ్వకును తెలియును. 1894 నాటి భూసేకరణ శాసనమున ఇది నూటికి 15 వంతులు; 1984 సవరణతో 30 వంతులైనది; 2013 శాసనపు 30వ సెక్షను దీనిని నూటికి నూరు చేసినది. అనగా పరిహారమెంతయో ఊరటయు నంతయే.

మన జిల్లాలో తొగుట, కొండపాక మండలముల ప్రాంతమున 50 టీఎంసీల మల్లన్నసాగరము నిర్మింపబడి, 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైనది. దానికొరకు వేములఘాటు, పల్లెపహాడు, ఏటిగడ్డ కిష్టాపూరు మొదలగు గ్రామములు నీట మునిగినవి. భూమిని 2013 శాసనముచొప్పున తీసికొనవలెనా, 2015 నాటి 123వ జీ.వో. చొప్పున తీసికొనవలెనా యను వివాదము హైకోర్టు మెట్లెక్కినది. అట్టి సమయమున రెండు పద్ధతులలో ఏది తనకు మేలో రైతు తూచుకొనవలెనన్నచో, ఊరట సొమ్మను పద్దు ఒకటి కలదని అతనికి ముందుగా తెలియవలెను గదా! పేరెరుగని పద్దును ఎవ్వడడుగగలడు?

ఇక ఎక్స్‌గ్రేషియా. పత్రికలలో దినమును చూచు మాటయే. లాటినులో దీని యర్థము ‘దయచేత’. ఇచ్చువాడు బాధ్యత నొప్పుకొనక, కనికరించి యిచ్చునది. సొలేషియము చట్టమిచ్చిన హక్కు. ఎక్స్‌గ్రేషియా దాత చూపు అనుగ్రహము. మొదటిది రానిచో కోర్టున నిలదీయవచ్చును. రెండవదానికి సామాన్యముగా చేతులు జోడించి నిలువవలసినదే. తెలుగున రెంటికిని ‘సాయము’ అని వ్రాసివేసినచో, హక్కు భిక్షమగును. ఒక్క మాట తెలియకపోవుటచేత పౌరుడు యాచకుడగుట ఎంతటి అన్యాయము!

న్యాయస్థానమునకు పోదము. కేవియట్ అనగా ‘జాగ్రత్తపడునుగాక’ అని యర్థము. తన్ను విచారింపక ప్రతిపక్షమునకు ఉత్తర్వు లభించునని శంకించువాడు ముందుగా దీనిని దాఖలు చేయవచ్చును. సివిలు ప్రొసీజరు కోడు 148ఏ సెక్షను ప్రకారము దాని బలము 90 దినములు. ఎక్స్‌పార్టీ అనగా ‘ఒక పక్షమునుండి’. మనవారు అందులో పార్టీ యను మాటను మాత్రమే విని, తమకు సంబంధములేని దేదో యనుకొందురు. ప్రతివాది హాజరుకానందున వాది మాటపైననే ఇచ్చిన డిక్రీ యది. దానిని రద్దుచేయించుకొనుటకు డిక్రీ తేదీనుండి, సమను సరిగా అందనిచో డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి, 30 దినములు మాత్రమే గడువు. మాట యర్థము కనుగొనులోపల గడువు గడచిపోయిన, చేను చేయిజారును.

పారసీకపు మాటలు కలిసిపోలేదా, ఇవియు నట్లే కలియునని కొంద రందురు. నిజమే, జిల్లా, తహసీలు, వకీలు, రైతు - ఇవి యిప్పుడు మన మాటలే. వానిని వెడలగొట్టుడని మేము చెప్పము. కాని అవి కలియుటకు ఎన్ని తరములు పట్టినవి? ఆ తరములన్నియు కాగితము చదువగల పట్వారీకి దఫ్తరముపై పెత్తనము, చదువలేని రైతుకు వ్రేలిముద్ర! ఆ కాలము మరల రానీయవచ్చునా?

లాటినునకు బదులు నోరు తిరుగని సంస్కృత సమాసమును తెచ్చిపెట్టుటయు మాకు సమ్మతము కాదు. అది రాయి తీసి రాయి పెట్టుటయే. అఫిడవిట్ అనగా ‘ప్రమాణముచేసి చెప్పినాడు’ అని, ప్రమాణపత్రమన్న చాలును. మ్యుటేషను అనగా మార్పు. వారసత్వమున జరుగు మార్పునకు మన యూళ్లలో విరాసతను మాట యుండనే యున్నది. యూజుఫ్రక్టు అనగా వాడుకయు ఫలమును; అట్టి తాకట్టును మనవారు స్వాధీన తనఖా యనిరి. వెదకిన మాట మన యింటనే దొరకును.

1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజన సంఘము పుట్టినది. 1966లో తెలుగు అధికారభాషగా శాసనమైనది. 2013 భూసేకరణ శాసనపు 11వ సెక్షను ప్రాథమిక ప్రకటనను పంచాయతీలోను, కచేరీలలోను స్థానికభాషలోనే ప్రచురింపవలెనని విధించుచున్నది. లాటినును తెలుగు లిపిలో వ్రాసిన అది తెలుగు కానేరదు. శాసనపు అక్షరము నెరవేరవచ్చును, ఆశయము నెరవేరదు.

కావున ప్రభుత్వమువారు ప్రతి ప్రకటనలోను ఇట్టి మాట ప్రక్కనే దాని తెలుగు అర్థమును ఒక్క పంక్తిలో అచ్చువేయవలెను. సి. పి. బ్రౌను 1854లోనే తెలుగున వాడుకయైన అన్యభాషా పదములకు వేరుగా నిఘంటువును ప్రకటించెను. ఒక పరదేశి చేసిన పనిని మన విశ్వవిద్యాలయములు కచేరీ మాటలకై నేడు చేయలేవా? గ్రంథాలయములవారు వారమునకొక సాయంకాలము ఈ మాటలను విప్పి చెప్పవలెను. చదువుకొన్న పట్టణవాసులారా! మీ వద్దకు నోటీసు పట్టుకొని వచ్చిన పల్లెవానికి చదివి వినిపించి ఊరకుండకుడు. అందలి మాటలలో హక్కేదో, దయ యేదో, గడువెంతయో తెలిపి పంపుడు. అదియు దేశసేవయే.