కాజీపేట స్టేషన్నడగండి

"మీకు రైళ్లూ రోడ్లూ మేమొచ్చాకే వచ్చాయి" అని అమెరికాలో ఏ తెలుగు సభకు పోయినా ఎవరో ఒకరు అంటనే ఉంటరు. ఆ పెద్దమనిషికి కాజీపేట స్టేషను చరిత్ర చెప్పాలె.

సికింద్రాబాదు-వాడి లైను 1874లోనే నడిచింది, నిజాం సర్కారు సొమ్ముతో. ఆ సొమ్ము మన రైతులు కట్టిన శిస్తే కాబట్టి నిజాంను పొగడే పని లేదు. 1889 నాటికి పట్టాలు కాజీపేట మీదుగా బెజవాడ చేరినయి. 1929లో బల్లార్షా లైను పూర్తయి, హన్మకొండ పక్కనున్న ఆ చిన్న ఊరు ఢిల్లీ-మద్రాసు దారిలో పెద్ద జంక్షనయింది. ఇదంతా 1956కు ముందటి ముచ్చట.

మరి విలీనం తర్వాత? కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ అన్నరు. 1985లో శంకుస్థాపన జరిగింది మాత్రం పంజాబులోని కపుర్తలాలో! రైల్వే కేంద్రానిది కదా అంటరు. నిజమే. కానీ ఢిల్లీలో పట్టుబట్టి అడగవలసింది రాష్ట్రమే. 2014 నాటికి 42 మంది ఎంపీలల్ల మనోళ్లు 17 మందే ఉండిరి. మన కాజీపేట కోసం మిగతా 25 మంది ఎందుకు కొట్లాడుతుండిరి?

సింగరేణి బొగ్గు గూడ్సులు మాత్రం కాజీపేట దాటి పోతనే ఉన్నయి. బొగ్గు పోవడానికి పట్టాలున్నయి, మన పిల్లలకు కొలువులే లేవు.

మన స్టేషను కోసం మనమే కొట్లాడే రాష్ట్రం కావాలన్నది అందుకే. ఈసారి సభల ఆ మాట వినబడితే ఊరుకోకండి, లేచి తారీఖులు అడగండి.

జై తెలంగాణ!