బీపీ చీటీ మీద నెలసరి తేదీ

నెలసరి రోజుల్లో కళ్లు తిరుగుతున్నాయని ఆడపిల్ల చెప్పగానే మన ఇళ్లలో వచ్చే మొదటి మాట, 'లో బీపీ అయ్యుంటుందిలే'. ఉప్పేసిన మజ్జిగ ఇచ్చి, కాసేపు పడుకోమంటారు. బీపీ చూసేవాళ్లు తక్కువ. రక్తస్రావం ఎంత అవుతోందని అడిగేవాళ్లు మరీ తక్కువ.

నెలసరికీ రక్తపోటుకీ సంబంధం ఉంది. ఈస్ట్రోజెన్ రక్తనాళాలను సడలిస్తుంది. అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టెరాన్ ఒంట్లోని ఉప్పును బయటికి పంపిస్తుంటే, ఆల్డోస్టెరాన్ అనే మరో హార్మోను పెరిగి దాన్ని పట్టి ఉంచుతుంది. ఇంత జరిగినా ఆరోగ్యవంతురాలికి బీపీలో వచ్చే తేడా సాధారణంగా కొద్ది పాయింట్లే. నిలబడ్డ మనిషిని కూలబెట్టేంత తేడా కాదది.

మరి కళ్లెందుకు తిరుగుతున్నాయి? చాలామందికి ఒంట్లో రక్తం లేక. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఒకదానిమీద ఒకటి రెండు ప్యాడ్లు పెట్టుకుని, రాత్రి పక్కమీద పాత చీర పరుచుకుని, కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ వెనక్కి చూసుకునే ఆడవాళ్లు 'నాకు మొదట్నుంచీ ఇంతే' అంటారు. ఆ మాట వింటే నాకు భయమేస్తుంది. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా ఆగకపోయినా అది మామూలు నెలసరి కాదు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి, డాక్టరుకు చూపించాలి. మజ్జిగతో తీరేది కాదు.

నొప్పి మాత్రల సంగతి వేరు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మెఫెనమిక్ యాసిడ్, ఐబూప్రొఫెన్ లాంటివి మూత్రపిండాల దగ్గర ఉప్పు బయటికి పోకుండా ఆపేసి కొందరిలో బీపీని పెంచుతాయి, బీపీ మందుల పనిని తగ్గిస్తాయి. బీపీకి మందులు వాడే స్త్రీ నెలనెలా వీటిని మింగుతుంటే, ఆ సంగతి డాక్టరుకు తెలియాలి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టే ముందూ బీపీ చూసుకోవాల్సిందే.

ముప్పై దాటినవాళ్లకు ఊళ్లలోనే బీపీ చూస్తున్నారు. చూసే ఏఎన్ఎం అమ్మ చీటీ మీద అంకెలతోపాటు నెలసరి ఎప్పుడొచ్చింది, ఎన్నాళ్లుంది, ఏ మాత్ర వేసుకున్నారు అన్నవీ రాయాలి. అడగకపోతే మనమే చెప్పి రాయించుకోవాలి.