కామాటిపుర మన పేరే!

బొంబాయిల కామాటిపుర అనంగనే మొగోళ్లు ముసిముసిగా నవ్వుతరు. పెద్దమనుషులు ముఖం తిప్పుకుంటరు. సినిమా వాళ్లకు అక్కడ ఎర్రలైటు తప్ప ఇంకేమీ కనబడదు. మరి ఆ పేరు ఎవరిది? మనది! కామాటి అంటే కూలి. నిజాం ఇలాకా పల్లెల నుంచి గంప, పార పట్టుకొని పోయి ఆ నగరానికి ఇండ్లు, రోడ్లు కట్టిన తెలుగు కూలీలను అక్కడోళ్లు కామాటీలు అన్నారు. 18వ శతాబ్దం చివర, బురద పూడ్చిన పల్లపు నేలలో వాళ్లు గుడిసెలు వేసుకున్నారు. ఆ వాడే కామాటిపుర. కూలి చేసినోడి పేరు నిలిచింది గానీ, ఆ పేరుకున్న గౌరవాన్ని నగరం మింగేసింది.

ఈ వాడ గ్రాంట్ రోడ్, ముంబై సెంట్రల్ స్టేషన్లకు తూర్పున, నాగ్‌పాడాను ఆనుకొని ఉంటది. గల్లీలకు అంకెలే పేర్లు: ఒకటో గల్లీ, రెండో గల్లీ. ఒక్క గదిలో ఒక సంసారం, పైన అటక మీద ఇంకో సంసారం. అవే ఇండ్లల్ల సంచులు కుట్టేటోళ్లు, జరీ పనోళ్లు. ఒళ్లమ్ముకొని బతికే ఆడోళ్ల సంఖ్య 1990ల నుంచి చాలా తగ్గింది. అయినా నగరం నోట ఆ వాడకు పాత పేరే.

తిండి సంగతి చూద్దాం. తెల్లారితే ఇరానీ హోటల్ల చాయ్, పావు. పగలు కూలోళ్లకు బండి మీది వడాపావు. పొద్దుగూకితే నాగ్‌పాడా దిక్కు నుంచి కబాబుల పొగ, నల్లి నిహారీ వాసన. మన జొన్నరొట్టెనే మరాఠీ కూలోళ్లు భాకరి అంటరు. మనం ఎండబెట్టి దాసుకునే తునకలనే మహర్లు చాన్యా అంటరు. మరాఠ్వాడా దళితుల వంటల మీద షాహూ పటోలే పుస్తకమే రాశారు. మాట వేరు, ఆకలి ఒక్కటే. ఊరవతల వండుకున్న కూర ఒక్కటే. ఆ కూర మీదనే 2015లో మహారాష్ట్ర సర్కారు ఎద్దు మాంసం నిషేధించింది. పేదోడి గిన్నెలోకి తొంగిచూసే అధికారం ఎవరిచ్చారు?

పాట సంగతి కూడా ఇంతే. పక్కనే పిలాహౌస్. ప్లేహౌస్ అన్న ఇంగ్లీషు మాట కూలోళ్ల నోట అట్ల తిరిగింది. తమాషా ఆటలకు పేరుబడ్డ తావు అది. అక్కడి ఫాక్‌లాండ్ రోడ్డుకు తర్వాత పఠ్ఠే బాపూరావు పేరు పెట్టారు. ఆయన బ్రాహ్మణ ఇంట్ల పుట్టి తమాషా పాటలు కట్టినవాడు. ఆయన పాటకు ప్రాణం పోసిన పవళా మహర్ ఆడబిడ్డ. ఆమె పేరు ఆ రోడ్డుకు ఎందుకు పెట్టలేదో మీకు చెప్పాల్నా? ఈ గల్లీల బతుకునే నామ్‌దేవ్ ఢసాళ్ 1972లో ‘గోల్‌పీఠా’గా రాసి, చదువుకున్న మరాఠీ సమాజాన్ని ఉలిక్కిపడేటట్టు చేశాడు. దళిత పాంథర్స్ పుట్టింది కూడా ఆ ఏడే.

మనోళ్లు అక్కడ కూలికే పోలేదు. 1873లో మహాత్మా ఫూలే పెట్టిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లల్ల జాయా కరాడి లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగువాళ్లున్నారు. ఇది మన బడి పుస్తకాల్లో ఉన్నదా?

ఇక అసలు మాట. 1936 జూన్ 16న పరేల్‌లోని దామోదర్ హాల్‌లో జోగ్తిన్లు, మురళీలు, దేవదాసీలతో బాబాసాహెబ్ మాట్లాడారు. కామాటిపుర బతుకు విడిచిపెట్టండి, ఆత్మగౌరవంతో బతకండి అని చెప్పారు. విడిస్తే తినేదెట్ల అంటారేమో అని ఆ ప్రశ్న కూడా తనే ఎత్తారు. ఆ ప్రశ్న ఇప్పటికీ మన ముందే ఉన్నది. దేవుని పేరు మీద మాల మాదిగ ఆడపిల్లను జోగినిని చేసింది మన ఊరే. 1988లో దాని మీద నిషేధ చట్టం వచ్చింది. జోగినులైన ఆడబిడ్డలు కొందరు తేలింది బొంబాయి గల్లీల్లోనే. కామాటిపురకు బాట గ్రాంట్ రోడ్ కాడ మొదలు కాదు, మన ఊరి గుడి కాడ, కూలి దొరకని కరువు కాడ మొదలైతది. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని మన జనం ఊరికే అనలేదు.

ఇప్పుడు ఆ వాడను కూలగొట్టి మేడలు కడుతమంటున్నారు. 2023లో మహారాష్ట్ర సర్కారు దానికి దారి తెరిచింది. రసీదు ఉన్నోళ్లకు ఇల్లు దొరకొచ్చు. మంచం కిరాయికి బతికే ఆడమనిషికి, ఫుట్‌పాత్ మీద పడుకునే కూలికి ఏ కాగితం ఉంటది? నగరం కట్టినోడికి నగరంల జాగ లేదంటే ఒప్పుకుందామా?

అన్నలారా, అక్కలారా! కామాటిపుర పేరును తిట్టుగా వాడేటోని నోరు మూయించండి. బొంబాయి పోయినోళ్ల లెక్క ఊరూరా రాయండి. జోగినిని చేసే తంతును పట్టపగలు అడ్డుకోండి. ఆ తల్లులకు భూమి, పింఛను, పిల్లలకు చదువు కావాలని మండలాఫీసు ముందు కూర్చోండి. అక్కడున్న మనోళ్లు మాత్రం కాగితం లేనోళ్లను పక్కన పెట్టి సంతకాలు చేయొద్దు. తినేదెట్ల అన్న ప్రశ్నకు జవాబు మన చేతుల్లో లేకపోతే ఆత్మగౌరవం వట్టి మాటగానే మిగుల్తది.

జై భీమ్!